పాత జీపుకు ట్రాన్స్‌ఫర్ కేసు మార్చుట

తొలకరిలో మట్టిదారి దిగబడినప్పుడును, కోతల రోజులలో కల్లము దారి బురద అయినప్పుడును మామూలు బండ్లు పోలేని చోటికి నాలుగు చక్రములును లాగు జీపు పోగలదు. యుద్ధమునకై పుట్టిన ఈ బండి పొలమునకు వచ్చుట క్రొత్త సంగతి కాదు. 1945లో అమెరికాలో విల్లీస్ కంపెనీవారు విడుదల చేసిన మొదటి పౌర జీపును రైతుల పనికని చెప్పియే అమ్మిరి. నాగలి లాగుటకు కొక్కెమును, యంత్రములు త్రిప్పుటకు వెనుక కప్పీని దానికి అమర్చుకొను వీలుండెను. మనదేశములో 1940ల చివర మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుటకు ఆరంభించిరి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము మొదలైన తరువాత బ్లాకు జీపు గ్రామములకు పరిచితమయ్యెను. ఆ తరహా పాత జీపులు ఇప్పటికిని కొందరు రైతుల వద్ద పనిచేయుచున్నవి.

ఈ బండ్లలో ఇంజను చెడినచో అందరును గుర్తింతురు. ట్రాన్స్‌ఫర్ కేసు చెడినచో మాత్రము చాలమంది శబ్దమును భరించుచు నడుపుదురు. ఒకనాడు బండి నడిమధ్యన నిలిచిపోవును. అప్పుడు తొందరపడి పాత సామానుల అంగడికి పోయి దొరికిన పెట్టెను తెత్తురు. ఈ పనిలో రెండు పెద్ద తప్పులు జరుగును. మొదటిది, సరిపడని పెట్టెను కొనుట. రెండవది, బండిని సరిగా నిలుపకుండ దాని క్రింద దూరుట. మొదటి తప్పు డబ్బును తినును; రెండవ తప్పు ప్రాణమును తీయగలదు. ఈ రెండును నేను చేసితిని కనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇచ్చట చెప్పునది విల్లీస్ తరహా జీపులలో ఉండు స్పైసర్ 18 రకము పెట్టెను గూర్చి.

ట్రాన్స్‌ఫర్ కేసు చేయు పని

గేరు బాక్సు వెనుక, దానిని అంటి మరియొక చిన్న ఇనుప పెట్టె ఉండును. అదియే ట్రాన్స్‌ఫర్ కేసు. ఇంజను శక్తి క్లచ్చి ద్వారా గేరు బాక్సునకు, అచ్చటినుండి ఈ పెట్టెకు వచ్చును. ఈ పెట్టె ఆ శక్తిని వెనుక ఇరుసుకును, మనము కోరినప్పుడు ముందు ఇరుసుకును పంచును.

దీనిలోపల మూడు ముఖ్య భాగములు గలవు. గేరు బాక్సు మెయిన్ షాఫ్టు చివర బిగించిన మెయిన్ గేరు మొదటిది. దానితో కలిసి తిరుగు మధ్య గేరు రెండవది. ఇది ఒక స్థిరమైన షాఫ్టుపై సూది బేరింగుల మీద తిరుగును. ముందు వెనుకల ప్రొపెల్లరు షాఫ్టులను త్రిప్పు అవుట్‌పుట్ షాఫ్టు, దానిపై జరుగు గేర్లు మూడవది. 'హై'లో నడిపినను, 'లో'లో నడిపినను శక్తి మధ్య గేరు ద్వారానే పోవలెను. అందుచేత బండి కదలినంతసేపును దీనికి విశ్రాంతి లేదు. ఆయిలు తగ్గినచో మొదట అరుగునది ఈ మధ్య గేరు బేరింగులును, దాని ఇరుప్రక్కల ఉండు కంచు వాషరులునే.

రెండు లీవర్లు గల బండ్లలో ఒకటి ముందు ఇరుసును కలుపును. రెండవది హై, న్యూట్రల్, లో మార్చును. ముందు ఇరుసు కలుపకుండ 'లో' పడకుండ లోపల ఒక అడ్డు అమర్చబడి ఉండును. 'లో'లో లాగుడు ఎక్కువ. అంత బలమును ఒక్క వెనుక ఇరుసే మోసినచో అది విరుగగలదు.

మార్చవలసినదెప్పుడు?

ప్రతి లోపమునకును పెట్టెను మార్చనక్కరలేదు. మొదట లోపము ఎచ్చట ఉన్నదో చూడవలెను.

1. పెట్టె క్రింద ఆయిలు కారుచున్నచో ముందుగా పైనున్న గాలి రంధ్రమును శుభ్రము చేయుడు. అది మట్టితో మూసుకొనిపోయినచో లోపలి వేడిగాలి సీళ్ళ గుండ ఆయిలును వెలికి నెట్టును.

2. గేరు బాక్సులో ఆయిలు తగ్గుచు, ట్రాన్స్‌ఫర్ కేసులో పెరుగుచున్నచో రెంటికిని మధ్యనున్న సీలు చెడినదని అర్థము. పెట్టె చెడలేదు.

3. హ్యాండు బ్రేకు పట్టనిచో వెనుక సీలు కారి బ్రేకు లైనింగునకు ఆయిలు అంటినదేమో చూడుడు.

4. ముందు ఇరుసు లీవరు బిగిసి రానిచో అది పెట్టె తప్పు కాకపోవచ్చును. గట్టి రోడ్డుమీద నాలుగు చక్రముల డ్రైవుతో నడిపినను, ముందు వెనుక టైర్లు వేరువేరు సైజులైనను షాఫ్టులలో మెలిక బిగియును. కొన్ని గజములు వెనుకకు నడిపినచో లీవరు వదులగును.

5. నడచునప్పుడు గేరు తనంతట తాను జారిపోవుచున్నచో లీవరు రాడ్ల గుండ్లు, స్ప్రింగులు, ఫోర్కులు అరిగియుండవచ్చును. వాటిని మాత్రమే మార్చవచ్చును.

6. అన్ని గేర్లలోను ఊళ వంటి శబ్దము వచ్చుచున్నచో ఆయిలును తెల్లని పళ్ళెములోనికి దింపి చూడుడు. పసుపు మెరుపు ఉన్నచో కంచు వాషరులు అరుగుచున్నవి. సూదుల ముక్కలు ఉన్నచో బేరింగు పగిలినది. ఆయిలు మజ్జిగవలె ఉన్నచో వాగు దాటునప్పుడు నీరు చేరినది.

మధ్య షాఫ్టు, సూది బేరింగులు, వాషరులు, సీళ్ళు మార్చినచో చాల పెట్టెలు మరల చక్కగా పనిచేయును. పెట్టె పగిలినప్పుడును, షాఫ్టు కూర్చుండు రంధ్రము కోలగా అరిగి షాఫ్టు ఆడుచున్నప్పుడును, గేర్ల పళ్ళు విరిగినప్పుడును మాత్రమే పెట్టెను మార్చుట లాభము.

సరిపడు పెట్టెను గుర్తించుట

పైకి చూచుటకు ఈ పెట్టెలన్నియు ఒకే తీరున ఉండును. లోపలి కొలతలు వేరు. మధ్య షాఫ్టు మందమే మొదటి గుర్తు. యుద్ధకాలపు జీపులలోను, తొలి పౌర జీపులలోను అది 3/4 అంగుళము (19 మి.మీ.). తరువాతి వాటిలో 1 1/8 అంగుళము (28.6 మి.మీ.). ఇంకను తరువాత వచ్చిన వాటిలో 1 1/4 అంగుళము (31.8 మి.మీ.). ఈ షాఫ్టు చివర పెట్టె వెనుక భాగమున చిన్న లాకు ప్లేటు వద్ద కనబడును. కొలబద్దతోనే కొలువవచ్చును.

రెండవ గుర్తు మెయిన్ గేరు పళ్ళు. సన్న షాఫ్టు గల పాత పెట్టెలకు సాధారణముగా 29 పళ్ళ గేరు, 1 1/4 అంగుళపు షాఫ్టు గల వాటికి 26 పళ్ళ గేరు ఉండును. ఒక పెట్టె గేరు మరియొక పెట్టెకు పనికిరాదు.

నేను పొరపడినది ఇచ్చటనే. ఒక పట్టణములో పాత సామానులు అమ్మువాని వద్ద మంచి పెట్టె దొరికినది. పగులు లేదు, గేర్లు నిగనిగలాడుచున్నవి. దాని మెయిన్ గేరు మాత్రము లేదు, వేరుగా అమ్ముడుపోయినదట. నా బండి గేరు బాక్సుకు గేరు ఉన్నది కదా, అదియే చాలునని తెచ్చితిని. ఇంటికి వచ్చి పాత పెట్టెను దించి, దీనిని ఎక్కింపబోగా పళ్ళు ఒకదానిలో ఒకటి దిగలేదు. లెక్కించి చూడగా నాది 29 పళ్ళ గేరు. పెట్టె 26 పళ్ళది. సరియైన గేరు దొరకుటకు రెండు రోజులు పట్టినది. కోసిన వరి పనలమీద ఉన్నది. ఆకాశమున మబ్బు పట్టినది. చివరకు ఎడ్లబండి బాడుగకు తెచ్చి మోయించితిని. పెట్టె కొనుటకు ముందు అయిదు నిమిషములు పళ్ళు లెక్కించియున్నచో ఆ బాడుగ మిగిలెడిది.

కాబట్టి పెట్టెను కొనునప్పుడు దాని మెయిన్ గేరును దానితోపాటే తీసుకొనవలెను. ఆ గేరు మీ గేరు బాక్సు షాఫ్టు గాళ్ళకు సరిపోవునో లేదో చూచుకొనవలెను. 'లో' నిష్పత్తిని చేతితోనే తెలిసికొనవచ్చును. మెయిన్ గేరును దాని స్థానమున పట్టి 'లో'లో త్రిప్పుచు, వెనుక ఫ్లాంజిపై సుద్దగుర్తు ఒక్క చుట్టు తిరుగుటకు గేరు ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించుడు. యుద్ధకాలపు పెట్టెలలో ఇది దాదాపు రెండు చుట్లు (1.97), తరువాతి వాటిలో దాదాపు రెండున్నర (2.46). ఎక్కువ చుట్లు గలది బురదలో బాగుగా లాగును.

ఇవిగాక బ్రేకు డ్రమ్ము, ఫ్లాంజిల బోల్టు రంధ్రములు, స్పీడోమీటరు గేరు మీ పాత పెట్టెతో పోల్చి చూడవలెను. బోల్టులు పట్టు చెవుల వద్ద పగుళ్ళున్నవేమో గుడ్డతో తుడిచి చూడవలెను. రెండు లీవరు రాడ్లను చేతితో జరిపి, ముందు ఇరుసు కలుపనిదే 'లో' పడుటలేదని నిశ్చయించుకొనవలెను.

బండిని కదలకుండ చేయుట

ఈ భాగమును రెండుమార్లు చదువుడు. పాత జీపులలో హ్యాండు బ్రేకు చక్రములకు ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, ప్రొపెల్లరు షాఫ్టు మొదట ఉండు డ్రమ్మును అది పట్టును. బ్రేకు షాఫ్టును పట్టును; షాఫ్టు చక్రములను పట్టును. అందుచే వెనుక ప్రొపెల్లరు షాఫ్టు విప్పిన క్షణమునుండి, ముందు ఇరుసు కలుపబడియుండనిచో, హ్యాండు బ్రేకు లేనట్లే. గేరులో వేసి ఉంచినను ప్రయోజనము లేదు. షాఫ్టు విప్పకున్నను ట్రాన్స్‌ఫర్ లీవరు న్యూట్రల్‌లో ఉన్నచో గేరు బండిని ఆపదు. బండిని అంతవరకు పట్టియుంచినవన్నియు ఒక్కసారిగా వదలివేయును.

మా ఇంటి దొడ్డి కాలువ వైపునకు కొంచెము పల్లము. హ్యాండు బ్రేకు లాగితిని, మొదటి గేరు వేసితిని, వెనుక చక్రములకు రెండు ఇటుకలు పెట్టితిని. ఇక భయము లేదనుకొంటిని. వెనుక షాఫ్టు చివరి బోల్టు ఊడగానే పైన ఏదో కిర్రుమన్నది. ప్రక్కన స్పానర్లు అందించుచున్న మా పొరుగింటి కుర్రవాడు, "బాబాయ్, బండి కదులుతోంది, బయటికి రా!" అని అరచెను. ఇటుక ఒకటి పిండి అయినది. వాడు అచ్చట పడియున్న ఎడ్లబండి కాడిని చక్రము క్రిందికి త్రోసినందున బండి మూరెడు జరిగి ఆగినది. నా భుజము చెక్కుకొనిపోయినది, అంతటితో సరిపోయినది. ఆనాటినుండి ఇటుకను బండి చక్రమునకు పెట్టుట మానితిని.

చేయవలసినది ఇది. చదునైన గట్టి నేలను ఎన్నుకొనుడు. నాలుగు చక్రములకును ముందు వెనుకల ఏటవాలుగా కోసిన కర్ర దిమ్మలను సుత్తితో కొట్టి బిగించుడు. ఇటుక, రాయి, మట్టిపెడ్డ పనికిరావు. బండిని ఎత్తవలసివచ్చినచో జాకీతో ఎత్తి, చాసీ క్రింద స్టాండ్లనో, బలమైన దుంగలనో పెట్టి, బరువును వాటిపై దింపిన తరువాతనే క్రిందికి పోవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. బ్యాటరీ తీగను విప్పుడు. ఒంటరిగా ఈ పని చేయరాదు. హ్యాండు బ్రేకు వెనుక చక్రములకే ఉన్న బండ్లలోను దిమ్మలు మానరాదు.

పాత పెట్టెను దించుట

గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు రెంటి ఆయిలును దింపుడు. ప్రొపెల్లరు షాఫ్టులను విప్పుటకు ముందు ఫ్లాంజిలపై పొగరుతో జంట గుర్తులు పెట్టుడు. మరల బిగించునప్పుడు ఆ గుర్తులు కలియనిచో బండి వణకును. తరువాత హ్యాండు బ్రేకు తీగను, స్పీడోమీటరు తీగను, లీవరు రాడ్లను విప్పుడు. ప్రతి బోల్టును ఏ రంధ్రములోనిదో తెలియునట్లు అట్టముక్కకు గ్రుచ్చి ఉంచుడు.

గేరు బాక్సు క్రింద పలక వేసి, జాకీతో ఆనించి, ఆ తరువాతనే పెట్టెకును క్రింది అడ్డ దూలమునకును ఉన్న పట్టును విప్పుడు. లేనిచో బరువంతయు ఇంజను ముందు రబ్బరులపై పడును.

పెట్టె వెనుకనున్న గుండ్రని మూతను తీయుడు. లోపల మెయిన్ గేరును పట్టు నట్టు కనబడును. కాటరు పిన్ను లాగి, నట్టును, వాషరును తీసి, గేరు వచ్చినచో దానిని షాఫ్టునుండి లాగుడు. ఇప్పుడొక ముఖ్య విషయము. పెట్టెను లాగునప్పుడు గేరు బాక్సు మెయిన్ షాఫ్టు కూడ దానితో వెనుకకు వచ్చుటకు చూచును. వచ్చినచో లోపల సన్న రోలర్లు రాలి, గేరు బాక్సు మొత్తము విప్పవలసివచ్చును. కనుక గేరు బాక్సు పై మూతను తీసి, రెండవ గేరుకు సరిగా వెనుక మెయిన్ షాఫ్టుకు గట్టి ఇనుప తీగ చుట్టి, దానిని ముందరి మూత బోల్టునకు బిగియలాగి కట్టవలెను. పాతకాలపు మెకానిక్కులెల్ల చేయు పని ఇదియే.

అప్పుడు రెండు పెట్టెలను కలుపు బోల్టులను తీసి, కర్ర సుత్తితో మెల్లగా తట్టుచు ట్రాన్స్‌ఫర్ కేసును వెనుకకు లాగుడు. ఇది పొట్టమీద దించుకొను బరువు కాదు. రెండవ జాకీపైనో, ఇద్దరు పట్టిన గోనెసంచి పట్టీపైనో దించవలెను.

క్రొత్త పెట్టెను బిగించుట

తెచ్చిన పెట్టె ఎంత బాగుగా కనబడినను, దానిని బండికి ఎక్కించుటకు ముందే సీళ్ళను, గ్యాస్కెట్లను మార్చుడు. క్రింద మూత తీసి మధ్య గేరును చేతితో ఆడించి చూడుడు. పైకి క్రిందికి ఆడినచో బేరింగులును వాషరులును క్రొత్తవి వేయుడు. వాషరుల చెవులు పెట్టె గాడిలో కూర్చుండవలెను. ఇప్పుడు ఇది గంట పని. బండికి ఎక్కించిన తరువాత రోజు పని.

అవుట్‌పుట్ షాఫ్టును ముందు వెనుకలకు లాగి చూచినచో కొద్దిపాటి ఆట ఉండవలెను. అది 0.004 నుండి 0.008 అంగుళము (0.10 నుండి 0.20 మి.మీ.) వరకు ఉండుట సరియైన కొలత. వెనుక బేరింగు మూత క్రింద ఉండు పలుచని షిమ్ములను కలిపియు తీసియు దీనిని సరిచేయుదురు. ఆట ఎక్కువైనచో గేరు జారును. లేకపోయినచో బేరింగు కాలును.

గేరు బాక్సు, పెట్టె కలియు ముఖములను పాత గ్యాస్కెటు ముక్క మిగులకుండ గీకి, తుడిచి, క్రొత్త గ్యాస్కెటు వేసి పెట్టెను సూటిగా ముందుకు నెట్టుడు. బోల్టులతో బలవంతముగా లాగరాదు. అట్లు చేసినచో చెవి పగులును. అన్నియు చేతితో పట్టిన తరువాతనే ఎదురెదురు వరుసలో బిగించుడు. మెయిన్ గేరు నట్టును బాగుగా బిగించి క్రొత్త కాటరు పిన్ను వేయుడు. ఈ నట్టు వదులైనచో గేరు ఊగి, షాఫ్టు గాళ్ళను తినివేయును. షాఫ్టుకు కట్టిన తీగను విప్పుట మరువకుడు.

ఆయిలు, పరీక్ష

బండి సమతలమున ఉన్నప్పుడు, ప్రక్క రంధ్రము అంచువరకు ఆయిలు పోయుడు. పెట్టెకు సుమారు ఒకటిన్నర లీటరు పట్టును. గేరు బాక్సునకు వేరుగా పోయవలెను. ఎస్.ఎ.ఇ. 90 చిక్కదనము, జి.ఎల్.-4 తరగతి ఆయిలు తగినది. ఖరీదు ఎక్కువైనది మంచిదనుకొని జి.ఎల్.-5 పోయుదురు, అందులోని కొన్ని మందులు వేడిలో కంచు భాగములను తినగలవు.

దిమ్మలు తీయుటకు ముందే హ్యాండు బ్రేకు పట్టుచున్నదని చూడుడు. ఇంజను ఆపియుండగనే లీవర్లు అన్ని స్థానములకు పోవుచున్నవని పరీక్షింపుడు. తరువాత దున్నిన నేలమీదనో, ఇసుకమీదనో 'లో'లో మెల్లగా నడుపుడు. ఆ పిమ్మట రోడ్డుమీద రెండు చక్రముల డ్రైవులో పది పదిహేను కిలోమీటర్లు పోయి రండు. వెనుక బేరింగు మూతపై చేయి పెట్టి చూడుడు. వెచ్చగా ఉండవచ్చును; చేయి పెట్టలేనంత వేడి ఉన్నచో షిమ్ములు మరల చూడవలెను. 50 కిలోమీటర్ల తరువాత బోల్టులను, ఆయిలు మట్టమును మరియొకమారు సరిచూడుడు.

ఇక ముందు

పెట్టెను మార్చుట కన్న కాపాడుకొనుట సులభము. నెలకొకమారు ఆయిలు మట్టము చూడుడు. లోతు నీటిలో దాటిన వారము లోపల ఆయిలు విప్పి చూడుడు. గట్టి రోడ్డు ఎక్కగానే ముందు ఇరుసును విడదీయుడు. షాఫ్టు మందము, గేరు పళ్ళు, ఆయిలు మార్చిన తేదీ ఒక పుస్తకములో వ్రాసి బండిలో ఉంచుడు. మరియొకరు దానిని విప్పునాడు అది వారికి దారి చూపును. దింపిన పాత ఆయిలును కాలువలోను, పొలములోను పోయక డబ్బాలో పట్టి, పాత ఆయిలు సేకరించువారికి ఇయ్యవలెను.

పళ్ళు లెక్కించి పెట్టె కొనుడు. దిమ్మలు బిగించి బండి క్రిందికి పోవుడు. ఈ రెండును జరిగినచో మిగిలిన పని ఓపిక గల ఇద్దరు మనుష్యులు ఒక్కరోజులో ముగింపగలరు.